తెల్లనివన్నియు పిండినల్లులు కావు

తెల్లనివన్నియు పాలు, నల్లనివన్నియు నీళ్లు అని నమ్మువారిని మన పెద్దలు అమాయకులనిరి. తోటలలో ఈ అమాయకత్వము పంట నష్టమునకు దారితీయును. ఏలూరు చెంతనున్న వట్లూరులో పెరటి మొక్కలను పరిశీలించు విద్యార్థికి మందారపు చిగుళ్లపైన, బొప్పాయి కాయలపైన, జామ ఆకుల అడుగున పిండి చల్లినట్లు తెల్లని పొర కనిపించుట కద్దు. మూడింటిని చూచి అతడు ‘పిండినల్లి’ అని ఒకే పేరు చెప్పును. కాని ఆ మూడును మూడు వేర్వేరు జాతులు కావచ్చును. ఒకదానిని అదుపులో పెట్టు ఉపాయము రెండవదానిపై పనిచేయకపోవచ్చును. కావున మందు పేరు అడుగుటకు ముందు పురుగు పేరు తెలిసికొనవలెను.

పిండినల్లి అనగానేమి? పేరులో నల్లి యున్నను ఇది మంచములలోని నల్లి వలె రక్తము త్రాగదు. సూది వంటి సన్నని నోటితో మొక్క రసమును పీల్చును. ఆడ పురుగు సాధారణముగా మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండును. దానికి ఎన్నడును రెక్కలు రావు. మగ పురుగు దోమ వలె సుకుమారమైనది. ఒక జత రెక్కలుండును గాని తినుటకు నోరుండదు. కొలది దినములలోనే అది చనిపోవును. మనము పిండి యనుకొనునది పురుగు శరీరముపై గల సూక్ష్మ రంధ్రముల నుండి వెలువడు మైనము. మైనము నీటిని అంటనీయదు గనుక చల్లిన మందు కూడ చాల వరకు జారిపోవును. పీల్చిన రసములో మిగిలిన చక్కెరను పురుగు తేనెబంకగా విసర్జించును. దానికై చీమలు చేరును. దానిపై మసి వంటి నల్లని బూజు పెరుగును. ప్రపంచమున సుమారు 2,000 జాతుల పిండినల్లులు ఇంతవరకు గుర్తింపబడినవి. మన వంటి వెచ్చని దేశములలో వాటి తరములు ఏడాది పొడవునను సాగుచుండును.

మొదట ఇతరములగు తెల్లని పురుగులను వేరుచేయవలెను. తాడేపల్లిగూడెము పరిసరములలోని కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో ఆకుల అడుగున చుట్లు చుట్లుగా తెల్లని నూగు కనిపించినచో, అది సర్పిలాకార తెల్లదోమ కావచ్చును. ఈ దోమ 2016లో దక్షిణ భారతదేశపు కొబ్బరి తోటలలో మొదటిసారి కనుగొనబడినది. ఆకును కదిపినచో దోమలు లేచి ఎగురును. ఆడ పిండినల్లి ఎగురజాలదు.

ఇంతకన్న నష్టకరమైన పొరపాటు మరియొకటి కలదు. పిండినల్లులను తిని బ్రతుకు క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగు 1898లో మన దేశమునకు తేబడినది. దాని స్వస్థలము ఆస్ట్రేలియా. ఈ పురుగు యొక్క పిల్ల కూడ ఒడలెల్ల తెల్లని మైనపు పోగులు కప్పుకొని పిండినల్లి వలెనే యుండును. కాని పెరిగిన పిల్ల పిండినల్లికి మూడింతల పొడవుండి, చురుకుగా తిరుగుచుండును. దీనిని పెద్ద పిండినల్లి యని చంపినచో, కాపలావానిని కొట్టి దొంగను విడిచినట్లగును.

పిండినల్లియే అని నిశ్చయమైన పిదప భూతద్దముతో కొన్ని గుర్తులు చూడవచ్చును. జామపై తరచు కనిపించు ఫెర్రీసియా విర్గాటా వీపున రెండు నల్లని చారలును, వెనుక రెండు పొడవైన మైనపు తోకలును ఉండును. మందారమును, ద్రాక్షను ఆశ్రయించు మకోనెల్లికాకస్ హిర్సూటస్ శరీరము గులాబి రంగు. దాని ప్రక్కల మైనపు పోగులుండవు. నిమ్మపైనను కోకోపైనను జీవించు ప్లానోకాకస్ సిట్రి అంచు చుట్టును 18 జతల పొట్టి పోగులుండును. ప్రత్తిని, బెండను, వయ్యారిభామ కలుపును ఆశ్రయించు ఫినకాకస్ సొలెనాప్సిస్ వీపున నల్లని మచ్చలు జంటలుగా వరుసదీరి యుండును. బొప్పాయిపై నుండు పారాకాకస్ మార్జినేటస్ శరీరము పసుపుపచ్చన. దానిని ఆల్కహాలులో వేసియుంచినచో నీలము కలిసిన నలుపు రంగునకు మారును.

అయితే మొక్కను చూచి పురుగు పేరు నిర్ణయించరాదు. పై వానిలో మకోనెల్లికాకస్, ఫినకాకస్, పారాకాకస్ మూడును మందారముపై జీవింపగలవు. కంటికి కనిపించు గుర్తులు అనుమానమునకే చాలును. నిర్ణయమునకు సూక్ష్మదర్శిని కావలెను. పెరిగిన ఆడ పురుగును కాస్టిక్ పొటాష్ ద్రావణములో వేడిచేసి, లోపలి పదార్థమును తొలగించి, మిగిలిన పలుచని చర్మమునకు రంగు పట్టించి గాజు పలకపై అమర్చుదురు. మైనము పోయిన తరువాతనే అసలు రూపము బయటపడును. స్పర్శశృంగములలోని కణుపులెన్ని? పారాకాకస్‌లో 8, ఫినకాకస్‌లో సాధారణముగా 9. మైనము స్రవించు రంధ్రములు ఏ ఆకారమున, ఏ భాగమున ఉన్నవి? ఇట్టి ప్రశ్నలకు జవాబులు కూర్చి పేరు నిశ్చయింతురు. ఈ గుర్తులు పిల్ల పురుగులలో పూర్తిగా ఏర్పడవు. అట్టివానిని గుర్తించుటకు నేడు డీఎన్ఏ పరీక్ష తోడ్పడుచున్నది.

ఒక పేరు కొరకు ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చును. దానికి ఆఫ్రికా అనుభవము సమాధానము చెప్పును. 1970 తరువాతి సంవత్సరములలో కాంగో ప్రాంతమున కర్రపెండలమునకు ఒక పిండినల్లి పట్టి, ఆ దుంపపైననే ఆధారపడిన కోట్ల జనుల ఆహారమునకు ముప్పు తెచ్చినది. 1977లో దానికి ఫినకాకస్ మానిహోటి అని పేరు పెట్టిరి. కర్రపెండలము దక్షిణ అమెరికా పంట గనుక పురుగు సహజ శత్రువును అక్కడ వెదకిరి. ఆ ఖండపు ఉత్తర భాగమున అచ్చముగా అట్టిదే ఒక పిండినల్లి దొరకినది. కాని దాని శత్రువులు ఆఫ్రికా పురుగును లెక్కచేయలేదు. పరీక్షింపగా అది వేరొక జాతియని తేలినది. దానికి ఫినకాకస్ హెరెని అని పేరు. అందు మగ పురుగులు కలవు. మానిహోటిలో ఆడ పురుగులు మాత్రమే యుండి, మగవాని తోడు లేకయే సంతతిని పొందును. అసలు జాతి 1981లో పరాగ్వే దేశమున దొరకినది. దాని శరీరములో గ్రుడ్డు పెట్టి చంపు అనాగైరస్ లోపెజి అను చిన్న కందిరీగను అదే సంవత్సరము నైజీరియాలో విడిచిరి. అది అనేక దేశములకు వ్యాపించి పంటను నిలిపినది. ఈ కృషికి నాయకుడైన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమానము లభించినది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. ఆ మానిహోటియే 2020లో కేరళలో కనుగొనబడి, తమిళనాడునకు వ్యాపించినది. పేరు వెంటనే తేలినందున శత్రువు కొరకు మరల ఖండములు గాలింపవలసిన పని లేకపోయినది. అదే కందిరీగను ఆఫ్రికాలోని బెనిన్ నుండి తెప్పించి 2022లో పొలములలో విడిచిరి. బొప్పాయి పిండినల్లి విషయమునను ఇట్లే జరిగినది. అది మెక్సికో ప్రాంతపు పురుగు. 2008లో కోయంబత్తూరు వద్ద కనిపించినది. 2010లో ప్యూర్టో రికో నుండి తెచ్చిన మూడు జాతుల కందిరీగలలో అసెరోఫాగస్ పపాయే దానిని బాగుగా అణచినది. గోదావరి జిల్లాలలో పెద్దాపురము ప్రాంతమున కర్రపెండలము పండింతురు. ఈ పంటను కాండపు ముక్కలతో నాటుదురు. ముక్కలతోపాటు పురుగు కూడ ప్రయాణింపగలదు. కావున పొరుగు రాష్ట్రముల నుండి నాటు ముక్కలు తెచ్చువారు జాగ్రత్త వహింపవలెను.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇందు పాలుపంచుకొనవచ్చును. తెల్లని పురుగు కనిపించినప్పుడు పెరిగిన వానిని పదింటిని, 70 శాతము ఆల్కహాలు గల చిన్న సీసాలో వేయవలెను. మొక్క పేరు, పురుగున్న భాగము, గ్రామము, తేదీ ఒక కాగితముపై పెన్సిలుతో వ్రాసి లోపలనే ఉంచవలెను, సిరా కరగిపోవును. పురుగు రంగు, మైనపు పోగుల తీరు ముందుగానే వ్రాసికొనవలెను, ఏలననగా ఆల్కహాలులో అవి నిలువవు. మరికొన్నిటిని ఆకుతో సహా గుడ్డ కట్టిన సీసాలో ఉంచినచో, కొన్ని దినములకు వాని నుండి చిన్న కందిరీగలు వెలువడవచ్చును. ప్రాణముతో నున్న పురుగులను మాత్రము వేరొక ఊరికి తీసికొనిపోరాదు. ఇట్లు భద్రపరచిన సీసాను ఉపాధ్యాయుల ద్వారా తాడేపల్లిగూడెము సమీపమున వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయపు కీటక శాస్త్రజ్ఞులకు చూపవచ్చును. క్రొత్త పురుగు ఒక ప్రాంతములో అడుగిడినప్పుడు దానిని మొదట చూచువారు ఆ ఊరి వారే. వారు తేదీతో, చిరునామాతో భద్రపరచిన ఒక్క సీసా తరువాతి చికిత్సకు ఆధారమగును.