కంటిపై కటకం

కనుగుడ్డు పొడవు పెరిగినప్పుడు దూరపు వస్తువుల ప్రతిబింబం నేత్రపటలానికి ముందే ఏర్పడుతుంది. ఇదే హ్రస్వదృష్టి. అది మైనస్ 6 డయాప్టర్లకు చేరితే తీవ్రమైనదిగా పరిగణిస్తారు. అట్టివారికి మందపాటి కళ్ళద్దాలలో వస్తువులు చిన్నవిగా, అంచుల వద్ద వంకరగా కనిపిస్తాయి. కన్నీటి పొరపై నిలిచే కాంటాక్ట్ లెన్స్ కంటితోపాటే కదులుతుంది గనుక ఈ ఇబ్బంది తగ్గుతుంది. 1987లో హైదరాబాదులో వెలసిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి వైద్యాలయాలలో కంటి వంపును కొలిచి తగిన లెన్సును నిర్ణయిస్తారు. దానిని కుళాయి నీటితో కడుగరాదు, ధరించి నిద్రించరాదు.

అయితే లెన్స్ చూపును సవరిస్తుందే గాని, సాగిన కనుగుడ్డును కుదించలేదు. పలుచబడిన నేత్రపటలం ఊడిపోయే ప్రమాదం తొలగదు. కనుక నగరవాసియైనా, పెద్దమండ్యం వంటి మారుమూల మండలవాసియైనా ఏటా నేత్రపటల పరీక్ష చేయించుకోవాలి. కంటిముందు హఠాత్తుగా మెరుపులు, నల్లచుక్కలు, తెర కనిపిస్తే ఆనాడే వైద్యుని ఆశ్రయించాలి.