భూమి చదునన్న వాదం, మన ఖిబ్లా

 



గత కొన్నేళ్ళుగా మన యువకుల ఫోన్లలో ఒక తరహా వీడియోలు తిరుగుతున్నాయి. భూమి గోళం కాదని, పళ్ళెంలా చదునుగా ఉన్నదని వాటి సారాంశం. భూమి పరచబడిన సంగతిని ప్రస్తావించే ఖుర్ఆన్ ఆయతులను శ్రావ్యంగా పఠింపజేసి, భూమిని గోళమని నమ్మేవాడు దైవవాక్కును తిరస్కరించినవాడేనని అవి తీర్పు చెబుతాయి. విశ్వాసులను ఇంత తేలికగా ధర్మం వెలుపలికి నెట్టివేసే మాట ఎక్కడి నుంచి వచ్చిందో విచారించవలసి ఉన్నది. ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు పరిశీలించుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయతులో అల్లాహ్ మనల్ని ఆజ్ఞాపించాడు కదా!

విచారించి చూస్తే, ఆ వీడియోలలోని వాదనలు మక్కా, మదీనాల నుంచి గానీ బగ్దాదు, ఖుర్తుబాల నుంచి గానీ వచ్చినవి కావు. వాటి పుట్టిల్లు ఇంగ్లాండు. శామ్యూల్ రోబోథమ్ అనే వ్యక్తి 1838లో బెడ్‌ఫర్డ్ ప్రాంతంలోని తిన్నని కాలువలో నిలబడి, నీటిమట్టానికి కాస్త పైనుంచి చూస్తే ఆరు మైళ్ళ దూరాన ఉన్న పడవ కూడా కనిపించిందని, కాబట్టి నీరు వంగి లేదని ప్రచారం చేశాడు. 1849లో దానిని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. నీటిని ఆనుకొని ఉండే గాలిలో వెలుతురు వంగి ప్రయాణిస్తుందన్న సంగతిని అతడు లెక్కలోకి తీసుకోలేదు. 1870లో జాన్ హ్యాంప్‌డెన్ అనే అతని అనుయాయి 500 పౌండ్ల పందెం కాశాడు. ఆల్‌ఫ్రెడ్ వాలెస్ అనే శాస్త్రవేత్త అదే కాలువపై, నీటికి చాలా ఎత్తున గుర్తులు అమర్చి చూపాడు. నడిమి గుర్తు రెండు కొసల గుర్తులకన్నా పైకి లేచి కనిపించింది. సర్వేయరుగా పనిచేసిన అనుభవం వాలెస్‌కు ఉన్నది. హ్యాంప్‌డెన్ మాత్రం ఫలితాన్ని అంగీకరించలేదు. బైబిలును కాపాడుతున్నానన్న నమ్మకంతో వాలెస్‌ను ఏళ్ళ తరబడి దూషిస్తూ ఉత్తరాలు రాసి, చివరకు జైలు పాలయ్యాడు.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జయాన్ పట్టణంలో విల్బర్ వోలివా అనే చర్చి నాయకుడు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇదే మాటను బైబిలు పేరిట బోధించాడు. అంతకు ముందే జపానులో ఫుమోన్ ఎన్‌ట్సూ అనే బౌద్ధ సన్యాసి, మేరు పర్వతం చుట్టూ చదునైన లోకం ఉన్నదని సమర్థిస్తూ 1810లో గ్రంథం వెలువరించాడు. నైజీరియాలో బోకో హరామ్ స్థాపకుడు ముహమ్మద్ యూసుఫ్ 2009లో బీబీసీతో మాట్లాడుతూ, భూమి గోళమన్న మాట ఇస్లాముకు విరుద్ధమని తోసిపుచ్చాడు. ఒకరికి బైబిలు, మరొకరికి సూత్రాలు, ఇంకొకరికి ఖుర్ఆన్. ఎవరికి వారు తమ గ్రంథమే అలా చెప్పిందన్నారు. మన పిల్లలకు అందుతున్న వీడియోలలో మాత్రం రోబోథమ్ కాలువ వాదనే ఉంటుంది. దానిపై ఖుర్ఆన్ పఠనాన్ని తొడిగారు, అంతే.

మరి మన పండితులు ఏమన్నారు? అందలుస్‌కు చెందిన ఇబ్నె హజ్మ్ (994–1064) ఈ ప్రశ్ననే ఎత్తుకొని, ముస్లిముల ఇమాములలో భూగోళాన్ని కాదన్నవారు ఎవరూ లేరని రాశారు. రాత్రిని పగటిపై, పగటిని రాత్రిపై చుట్టడం గురించి జుమర్ సూరా 5వ ఆయతులో వచ్చిన పదాన్ని ఆయన ఆధారంగా చూపారు. తలపాగా చుట్టడానికి అరబ్బులు వాడే పదమది. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మలై) మరింత విశదంగా చెప్పారు: గోళం మిక్కిలి పెద్దదైనప్పుడు దానిలోని ప్రతి భాగమూ చూసేవారికి చదునుగానే ఉంటుంది; కాబట్టి పరచబడటానికీ గోళంగా ఉండటానికీ వైరుధ్యం లేదు. నిజమే, మన మదరసాలలో చదివే తఫ్సీరె జలాలైన్‌లో, ఘాషియా సూరా వివరణలో, జలాలుద్దీన్ మహల్లీ (రహ్మలై) చదును అన్న అభిప్రాయం వైపే మొగ్గారు. వీడియోలు చేసేవారు ఆ సగాన్నే చూపుతారు. భూమి గోళమన్నా ధర్మ మూలస్తంభాలలో దేనికీ భంగం లేదని ఆయన ఆ వెంటనే అన్న మాటను వదిలేస్తారు. తనకు నచ్చని అభిప్రాయాన్ని సైతం ఆయన అవిశ్వాసమని అనలేదు.

ఇక్కడ మరొక మాట చెప్పక తప్పదు. చదును వాదాన్ని ఖండించే తొందరలో మన వక్తలు కొందరు నాజిఆత్ సూరాలోని ఒక పదానికి ఉష్ట్రపక్షి గుడ్డు అని అర్థం చెప్పి, ఖుర్ఆన్ భూమి ఆకారాన్ని ముందే చెప్పిందని చప్పట్లు కొట్టిస్తున్నారు. ఆ పదానికి మన పూర్వ వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం పరచడం, విశాలం చేయడం. లేని అర్థాన్ని దైవవాక్కుకు అంటగట్టడం ఏ పక్షం వారు చేసినా ఒక్కటే.

హిజ్రీ 10వ సంవత్సరంలో ప్రవక్త (సల్లం) వారి పసికందు ఇబ్రాహీం (రజి) మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. ప్రవక్త (సల్లం) వారి ఔన్నత్యాన్ని చాటుకోవడానికి అంతకు మించిన అవకాశం లేదు. కాని పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సరిదిద్దారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి మరణానికీ, ఎవరి పుట్టుకకూ వాటికి గ్రహణం పట్టదని తెలియజేశారు. అబద్ధం తన గౌరవాన్ని పెంచేదైనా ఆయన దానిని నిలవనివ్వలేదు.

గ్రహణాల గురించే ఇమామ్ గజాలీ (రహ్మలై) గట్టి హెచ్చరిక చేశారు. గ్రహణ సమయాన్ని, కారణాన్ని లెక్కకట్టి రుజువు చేసినవాడితో, నీ లెక్క ధర్మానికి విరుద్ధమని వాదిస్తే అతడు తన లెక్కను అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు అన్నది ఆయన మాటల భావం. ధర్మాన్ని సరైన పద్ధతిలో విమర్శించేవాడి కంటే, తప్పు పద్ధతిలో సమర్థించేవాడి వల్లనే దానికి ఎక్కువ హాని అని ఆయన అభిప్రాయం. పదవ తరగతి విద్యార్థికి భూమి చదునని నమ్మడమే ఈమాన్ అని చెప్పామనుకోండి. ఆ పిల్లవాడు రేపు విమానం నడిపినా, ఉపగ్రహాల పనిలో చేరినా ఏమవుతుంది? అతని చేజారేది చదును భూమి ఒక్కటే కాదు.

మన పూర్వీకులకు ఈ సంగతి నమాజుతో ముడిపడి ఉండేది. ఖలీఫా మామూన్ (813–833) సింజార్ మైదానానికి బృందాలను పంపి, ధ్రువనక్షత్రం ఎత్తు ఒక డిగ్రీ మారేందుకు ఎంత దూరం నడవాలో కొలిపించాడు. అల్ బీరూనీ (రహ్మలై) నేటి పాకిస్తాన్ పంజాబులోని నందన కోట వద్ద కొండపై నిలబడి, దిగంతం ఎంత కిందికి వాలిందో కొలిచి భూమి పరిమాణాన్ని గణించారు. గజ్నీ నుంచి ఖిబ్లా దిశను ఖచ్చితంగా నిర్ణయించడం ఆ గ్రంథ రచనలో ఆయన లక్ష్యాలలో ఒకటి.

ఆ లెక్కే నేటికీ మనల్ని నిలబెడుతున్నది. హైదరాబాదు నుంచి కాబా పడమటికి సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. మన బిడ్డలు చదువులకు, కొలువులకు వెళ్ళిన సిడ్నీ నుంచి అయితే దాదాపు నేరుగా పడమర, 7 లేక 8 డిగ్రీలు ఉత్తరంగా. చదునువాదులు చూపే పటం తీసుకోండి. ఉత్తర ధ్రువం నడిమధ్యన, దక్షిణపు మంచు చుట్టూ గోడలా ఉండే పటమది. దానిపై సిడ్నీ నుంచి మక్కాకు గీత గీస్తే అది ఉత్తరానికి కాస్త పడమరగా పోతుంది. అసలు దిశకూ దానికీ తేడా సుమారు 60 డిగ్రీలు. ఆ పటాన్ని నిజమని నమ్మినవాడు సిడ్నీ మస్జిదులో సఫ్‌లోని వారందరి నుంచి పక్కకు తిరిగి నిలబడవలసి వస్తుంది.

దీనిని కంటితో చూసే వీలును అల్లాహ్ ఏటా రెండు మార్లు కలిగిస్తున్నాడు. మే 28, జూలై 16 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా కాబాపైకి వస్తాడు. మన గడియారంలో మేలో 2 గంటల 48 నిమిషాలు, జూలైలో 2 గంటల 57 నిమిషాలు. జూలైలో మబ్బులు పడతాయి కనుక మే నెలే మేలు. ఆ నిమిషాన మస్జిదు ఆవరణలో ఒక కర్రను నిటారుగా నిలపండి. నీడ కొన నుంచి కర్ర మొదలు వైపు గీత గీస్తే అదే ఖిబ్లా. పిల్లలను వెంట తీసుకురండి. సిడ్నీలో ఉన్న బంధువుకు అప్పుడే ఫోన్ చేసి, సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పమనండి. అక్కడ మగ్రిబ్ దాటి రెండు గంటలకు పైనే అయి ఉంటుంది. కాబాపై నడినెత్తిన వెలుగుతున్న సూర్యుడు అతనికి కనిపించడు. చదునైన పళ్ళెంపై వేలాడే దీపం అయితే అక్కడికీ కనిపించవలసిందే.