ఓరుగంటికి రెండునాళ్ల సెలవు

సెలవనఁగా నేమో మన యిండ్లలోని మగవారికిఁ దెలియును, బడిపిల్లలకుఁ దెలియును. మా యింటివారు ఉపాధ్యాయులు గావున దసరాకును సంక్రాంతికిని వేసవికిని వారికి సెలవులు తప్పక వచ్చుచుండును. ఆ దినములలో మా పొయ్యి రెండింతలు మండును. సెలవు వారిది, చాకిరి మనది. ఈ మాట నిష్ఠూరముగాఁ దోఁచినను అబద్ధము కాదు.

"క్రీడాభిరామ" మను గ్రంథము పేరు మీలో ననేకులు వినియే యుందురు. కొందఱు పెద్దలు దానిని శ్రీనాథునిదని వాదించిరి. కర్తగా గ్రంథమునఁ గనఁబడు పేరు వినుకొండ వల్లభరాయనిది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దానికి మూలము. మంచనశర్మ యను బ్రాహ్మణుఁడును, టిట్టిభసెట్టి యను కోమటియు నొకనాఁడు కాకతీయుల రాజధాని యైన ఓరుగంటఁ బ్రవేశించి, ప్రొద్దుననుండి రాత్రివఱకు వీథులవెంటఁ దిరిగి, కన్నదానినెల్ల ముచ్చటించుకొందురు. అంతకుమించి కథ లేదు. నేఁటివారు పట్టణవిహార మని గొప్పగాఁ జెప్పుకొనున దిదియే గదా! మా తండ్రిగారు నాకు భారతభాగవతములు, వసుచరిత్రము నింటనే చెప్పిరిగాని యీ పుస్తకమును జేతి కందనీయలేదు. పెండ్లియైన పిమ్మట మా యింటివారి బీరువాలో దొరకినది. శృంగారము మితిమీఱిన చోట్లఁ బుటలు త్రిప్పివేసితిని. అందలి సంతలు, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, మైలారుదేవుని భక్తులు నిప్పులగుండములు చొచ్చుట — వీనిని మాత్రము విడువలేకపోయితిని.

వీనికంటె నన్నెక్కువగాఁ బట్టుకొన్నది భోజనము. లక్ష్మణవజ్ఝల యను నాతని యింట నొక్క రూక యిచ్చినచో కప్పురభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాఁచిన నేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు! పూటకూటి యింట నింతటి విందు దొరకెడి పట్టణ మది. చదివినవారెల్లరు కవి రసికతను మెచ్చుకొందురు. నా కా పద్యము చదివినపు డెల్ల నా గోధుమలు విసరినవా రెవరు, ఆ వెన్న కాఁచినవా రెవరు అని తోఁచును. పద్యములో వారి ఊసు లేదు. ఇఁక నూరు తిరిగిన యిద్దఱును మగవారే. గ్రంథమున స్త్రీలు లేకపోలేదు: పల్నాటివీరుల కథను బాడునామె గలదు, మాచల్దేవి గలదు, ఆమె చిత్రశాల గలదు. వారందఱును జూడఁబడువారేగాని చూచుటకు వెడలినవారు కారు.

ఆ కొఱఁత తీర్చుకొనవలెనని యీ మాఘమాసమున మా యత్తగారు, తోడికోడలు, నేను తొఱ్ఱూరినుండి ఓరుగంటికిఁ బోయితిమి. మా యత్తగారు ఆ పట్టణమును బదిమార్లు చూచిరి. తొమ్మిదిమార్లు ఆసుపత్రికి, ఒకమాఱు పెండ్లిచీరలకు. ఊరికే పోవుట యామె యెఱుఁగరు. "పనిలేక ఎట్ల పోతమే?" అని రెండుదినములు నన్నడిగిరి. ఇరుగుపొరుగువా రంతకంటె నెక్కువగా నడిగిరి. ఆఁడువారు మువ్వురు హోటలులో రాత్రి నుందురా యని విస్తుపోయిరి.

దారి యెల్లరకుఁ దెలిసినదే: రాయపర్తి, వర్ధన్నపేట, పిదప వరంగలు, 50 కిలోమీటర్లకు మించును. 2023 డిసెంబరు 9 నాఁటినుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకుఁ బ్రయాణము ఉచితము. ఆధార్ కార్డు చూపిన సున్న టికెట్టు చేతికిత్తురు. బస్సులు క్రిక్కిఱిసి యుండు ననుట నిజమే. ఐనను ఛార్జికి చేయిచాఁచి యడుగవలసిన పని తప్పినపుడు, ఎక్కడికి, ఎందుకు అను ప్రశ్నలును సగము తప్పును. ఈ యొక్క లాభమునకు నేను గంటసేపు నిలువఁబడియైనఁ బోఁగలను.

మొదట కోటకుఁ బోయితిమి. మంటికోట, అగడ్త, రాతికోట దాఁటి నడుమకు రాఁగా, స్వయంభూదేవుని కోవెల శిథిలములు, వానికి నాలుగుదిక్కుల నాలుగు కీర్తితోరణములు. 1323లో ఢిల్లీ సేనలకు లొంగిన రాజధానిలో గుడి పడిపోయినను తోరణములు నిలిచినవి. నేఁడవి తెలంగాణమునకే గుఱుతులు. మేము వాని హంసలను, మకరములను వర్ణించుచుండఁగా మా యత్తగారు చాల సేపు ఊరకుండి, "గింత సన్నగ చెక్కెటోల్లకు అన్నం ఎవరు వండి పెట్టిన్రో" అనిరి. క్రీడాభిరామము ఆమె చదువలేదు.

మధ్యాహ్నమునకు హనుమకొండలో నొక మెస్సునకుఁ బోయితిమి. విస్తరులు వేసి, వడ్డించువాఁడు మొట్టమొదట మా యత్తగారికే వడ్డించెను. ఆమె చేయి తనంతటఁ దానే పప్పుగిన్నె వైపునకుఁ జాఁగి, మాకు వడ్డింపఁబోయి, ఆఁగినది. కొంతసే పామె తినలేదు. అందఱకు వచ్చినవా యని చూచుచునే యుండిరి. పిదప పచ్చిపులుసులో నుప్పు తక్కువ యని చెప్పి, రెండుమార్లు మాఱువడ్డన యడిగి తినిరి. సాయంకాలము వీథిలో సర్వపిండి దొరకినది. మన వైపున గిన్నెప్ప యనునదే: బియ్యపుపిండిలో పల్లీలు, సెనగపప్పు, నువ్వులు, కారము కలిపి గిన్నె యడుగున నదిమి కాల్చుట. ఇంటిలో మనము చేసినదానికి సాటి రాదు. ఐనను ఒకరు చేసి యిచ్చినదానికిఁ గల రుచి వేఱు.

బారులు, పర్మిట్ రూములు వీథి వీథికిఁ గలవు. వానిలోనికిఁ దొంగిచూడవలెనని నాకుఁ దోఁపలేదు. సంసారములలో వాని ఫలమును జూచుచునే యున్నాము. కల్లు మాట వేఱు. మన పల్లెలలో పండుగనాఁడు ముసలమ్మలు సైతము రేకలో పోసికొని త్రాగుట నే నెఱుఁగుదును. దానికై వారిని జిన్నచూపు చూచుట నాకు సమ్మతము కాదు. పులియకమునుపు చల్లగా నుంచిన తాటినీరు, ఈఁతనీరు నీరా యనఁబడును. 2023లో హైదరాబాదున హుస్సేనుసాగరపు గట్టున ప్రభుత్వము వారు దానికొక శాలయే తెఱచిరి. మత్తులేని దగుటచే స్త్రీలు, పిల్లలు కూడఁ ద్రాగవచ్చును.

మఱునాఁడు రుద్రదేవుఁడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడి చూచితిమి. శివుఁడు, విష్ణువు, సూర్యుఁడు — మూఁడు గర్భగుడు లొక్క మండపమునకుఁ దెఱచియుండును. ఎదుటి కల్యాణమండపమును 2006లో రాయి రాయిగా విప్పి, మరలఁ గూర్చి, 2024లో తెఱచిరి. నల్లరాతి స్తంభములలో మన మొగము మనకుఁ గనఁబడును. అదే సంవత్సరము నవంబరులో కాళోజీ పేరఁ గళాక్షేత్ర మొకటి హనుమకొండలోఁ దెఱవఁబడినది. మీరు పోవునాఁటికి ఆటపాట లేమైన నున్నవేమో ముందుగాఁ దెలిసికొని పొండు. భద్రకాళి చెఱువుగట్టు సాయంకాలపు నడకకు మిగుల బాగుండును.

బసకు హనుమకొండలో పర్యాటకశాఖవారి హరిత కాకతీయ గలదు. ప్రైవేటు లాడ్జీలును గలవు. ముందుగా ఫోను చేసికొనుఁడు. ఇంట బియ్యము, పప్పు, పచ్చడి యెక్కడ నున్నవో కాగితముపై వ్రాసి గోడ కంటించి పొండు. మా యింట మొదటినాఁ డన్నము మాడినదఁట, రెండవనాఁడు మాడలేదఁట.

రామప్పను మాత్ర మీ రెండునాళ్లలోఁ జేర్పవలదు. రేచెర్ల రుద్రుఁడు 1213లో నెత్తించిన ఆ గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచవారసత్వములోఁ జేర్చిరి. దానికి వేఱొక దినమే కావలెను. హనుమకొండనుండి ములుగు మీఁదుగాఁ బోవు బస్సెక్కి, జంగాలపల్లి యొద్ద దిగి, ఆటోలోఁ బాలంపేట చేరవలెను. మా యత్తగారు దానికి శివరాత్రి వెళ్లిన మఱుసటి వారమని అప్పుడే నిశ్చయించిరి.