శాట్ స్కోరు పంపాలా, దాచాలా? అపోహలు – వాస్తవాలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశం కోరే విద్యార్థులు 1600కు లెక్కించే శాట్, 36కు లెక్కించే ఏసీటీ పరీక్షల్లో ఒకదాని స్కోరు పంపడం చాలాకాలం ఆనవాయితీగా ఉండగా, 2020లో కోవిడ్ వల్ల పరీక్షా కేంద్రాలు మూతపడి అనేక సంస్థలు ఆ నిబంధనను సడలించడంతో నేటికీ తొలగని గందరగోళం మొదలైంది.

అపోహ: స్కోర్లు ఇప్పుడు ఎక్కడా తప్పనిసరి కాదు.

వాస్తవం: ఎంఐటీ 2022లోనే ఆ నిబంధనను పునరుద్ధరించగా, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో అదే బాట పట్టాయి. ఇందుకు పూర్తి విరుద్ధంగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ, ఎంత గొప్ప స్కోరు పంపినా, ప్రవేశ నిర్ణయంలో దానిని పరిగణించదు.

అపోహ: విశ్వవిద్యాలయం ప్రకటించిన స్థాయికి తగ్గిన స్కోరును దాచడమే మేలు.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. సంస్థలు ప్రకటించేది చేరినవారిలో మధ్య సగం మంది స్కోర్ల పరిధి, అంటే అడుగున నాలుగో వంతునూ పైన నాలుగో వంతునూ వదిలి మిగిలినవారి లెక్క కనుక, స్కోరు పంపి సీటు పొందినవారిలోనే దాదాపు నాలుగో వంతు మంది ఆ పరిధికి దిగువన ఉంటారు. పైగా స్కోరు ఐచ్ఛికమైన చోట తక్కువ వచ్చినవారు పంపడం మానేయడం వల్ల ఆ పరిధి వాస్తవ స్థాయి కంటే పైకి జరిగి, తర్వాతి ఏడాది విద్యార్థులను మరింత భయపెడుతుంది. డార్ట్‌మత్ అధ్యాపకుల అధ్యయనం కూడా, తమకు మేలు చేయగలిగిన స్కోర్లనే వెనుకబడిన నేపథ్యం గల కొందరు విద్యార్థులు దాచుకున్నారని తేల్చింది. ఆ సంస్థ నిబంధనను తిరిగి తేవడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. ప్రవేశాధికారులు స్కోరును విద్యార్థి చదివిన పాఠశాల స్థాయితో పోల్చి చూస్తారు కాబట్టి, వనరులు కరవైన బడి నుంచి వచ్చిన 1400కూ, సహాధ్యాయుల్లో ఎక్కువమంది 1500 దాటే బడి నుంచి వచ్చిన 1400కూ విలువ ఒకటి కాదు. మొదటి విద్యార్థి దానిని పంపడమే సమంజసం. రెండో విద్యార్థి, ఐచ్ఛికమైన చోట, ఆలోచించుకోవచ్చు.

అపోహ: శాట్, ఏసీటీ రెండూ పంపితే బలం పెరుగుతుంది.

వాస్తవం: ఒకటి చాలు. రెండు పరీక్షల నిర్వాహకులు కలిసి రూపొందించిన సమానతా పట్టిక ప్రకారం ఏసీటీలో 34 శాట్‌లో 1500కు సమానం కాబట్టి, ఏది మెరుగో విద్యార్థే పోల్చుకోవచ్చు. అనేక సంస్థలు వేర్వేరు తేదీల్లో రాసిన పరీక్షల నుంచి విభాగాల వారీగా అత్యుత్తమ మార్కులను కలిపి చూస్తాయి. దీనినే సూపర్‌స్కోర్ అంటారు. అయితే జార్జ్‌టౌన్ వంటి చోట్ల రాసిన అన్ని పరీక్షల స్కోర్లూ పంపవలసి ఉంటుంది.

అపోహ: జేఈఈ ర్యాంకు ఉంటే శాట్ అక్కరలేదు.

వాస్తవం: తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో వినిపించే ఈ మాట నిజం కాదు. మంచి ర్యాంకును దరఖాస్తులో పేర్కొనవచ్చుగానీ, శాట్ లేదా ఏసీటీ తప్పనిసరి అని ఎంఐటీ చెప్పినప్పుడు ఆ స్థానాన్ని జేఈఈ భర్తీ చేయదు. ఆంగ్ల భాషా సామర్థ్యాన్ని కొలిచే టోఫెల్ సంగతి వేరు. శాట్ ఐచ్ఛికమైనంత మాత్రాన టోఫెల్ మినహాయింపు దానంతట అది రాదు.

స్కోరును మళ్లీ తప్పనిసరి చేస్తూ స్టాన్‌ఫర్డ్ 2024లో ప్రకటించిన మార్పు 2025లో దరఖాస్తు చేసేవారితో అమలులోకి వచ్చింది కాబట్టి, సీనియర్ల అనుభవాన్ని కాక, చేరదలచిన సంవత్సరానికి వర్తించే నిబంధననే విద్యార్థులు ప్రామాణికంగా తీసుకోవాలి.