నంబరు ఒక్కటే చాలదు, తిరిగి పలకరించే గొంతు కావాలి

మన గోదావరి జిల్లాలకు పొగాకు కొత్త కాదు. నది వరద తగ్గాక లంక భూముల్లో వేసే పంటకు 'లంక పొగాకు' అనే పేరే స్థిరపడింది. పొగాకు పరిశోధనకు కేంద్ర సంస్థను 1947లో రాజమండ్రిలోనే నెలకొల్పారు. ఈ పంట మీద బతికే రైతులు, కూలీలు మన ఇరుగుపొరుగునే ఉన్నారు. వారి బతుకుతెరువును తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. బీడీ, సిగరెట్టు, చుట్ట, ఖైనీ, జర్దా కిళ్ళీ మానాలని తనకు తానే అనుకుంటున్న మనిషికి మనం ఏం చేయగలం అన్నదే ఇక్కడి ప్రశ్న.

అలా అనుకునేవారు తక్కువేమీ కాదు. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు, ఆపై వయసున్న వారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారిలో సగానికి పైగా మానే ఆలోచన ఉన్నవారే. కోరిక ఉంది, దారి తెలియడం లేదు.

ఆ దారి చూపడానికే 2016 మే నెలలో ఢిల్లీలోని వల్లభ్‌భాయి పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో జాతీయ హెల్ప్‌లైన్ మొదలైంది. నంబరు 1800-11-2356. ఫోన్ చేసినవారికి ఖర్చు ఉండదు. 2018 సెప్టెంబరు నుంచి ఈ నంబరును పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చు వేయాలని ప్రభుత్వం ఆదేశించింది. దాంతో ఫోన్లు ఎన్నో రెట్లు పెరిగాయి. ఒక్క ఢిల్లీ కేంద్రం చాలక ముంబయి, గువాహటి, బెంగళూరుల్లోనూ కేంద్రాలు పెట్టారు. బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రం దక్షిణాది భాషల వారికి, అంటే తెలుగువారికి కూడా, సేవ చేస్తోంది.

ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది? రోజుకు ఎన్ని, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది, ఏ సమయంలో మనసు ఎక్కువ లాగుతుంది అని కౌన్సెలర్ అడుగుతారు. ఇద్దరూ కలిసి మానే తేదీ ఒకటి నిర్ణయిస్తారు. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. ఆ తేదీ దాటాక కౌన్సెలరే తిరిగి ఫోన్ చేస్తారు.

ఈ తిరుగు ఫోనే హెల్ప్‌లైనుకు ప్రాణం. కారణం మన శరీరంలోనే ఉంది. పొగాకు ఆపిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి తీవ్రంగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి క్రమంగా తగ్గుతాయి. మళ్ళీ మొదలుపెట్టే వారిలో చాలామంది జారేది ఈ రోజుల్లోనే. మనసు లాగిన ప్రతిసారీ ఆ తహతహ కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు గడిచే ఉపాయం ఎవరైనా గుర్తు చేస్తే గండం గడుస్తుంది. హెల్ప్‌లైనుకు ఫోన్ చేసినవారికి పలుమార్లు తిరిగి ఫోన్ చేస్తే, మానగలిగేవారి సంఖ్య సుమారు మూడో వంతు పెరుగుతుందని వివిధ దేశాల పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు.

బడిలో మేము చేసేదీ ఇదే. పిల్లవాడు మూడు రోజులు రాకపోతే ఇంటికి కబురు పెడతాం. నెల తరువాత వెళితే వాడు అప్పటికే ఏ మెకానిక్ షెడ్డులోనో పనికి కుదిరి ఉంటాడు.

మన సమాజానికి ఇందులో ఒక ప్రత్యేక అవకాశం ఉంది. రంజాన్‌లో సహరీ నుంచి ఇఫ్తార్ వరకు పొగ ముట్టని మనిషి, రోజుకు పదమూడు గంటలకు పైగా తాను ఉండగలనని తనకే రుజువు చేసుకుంటాడు. చిక్కు ఇఫ్తార్ తరువాత వస్తుంది. తరావీహ్ ముగించి టీ కొట్టు దగ్గర నిలబడినప్పుడు పగలంతా అణచుకున్న కోరిక ఒక్కసారిగా లేస్తుంది. జాతీయ హెల్ప్‌లైన్ పనివేళలు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. సోమవారం సెలవు. అంటే సాయం అత్యవసరమైన వేళకు ఆ లైను మూసి ఉంటుంది.

ఆ ఖాళీని మనం పూరించవచ్చు. కొత్త హెల్ప్‌లైను కట్టనక్కరలేదు. ఒక ఫోను, ఒక రిజిస్టరు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు చాలు. వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి. జర్దా, గుండు పొడి వాడే మన అక్కచెల్లెళ్ళు మగవారితో ఈ మాట చెప్పుకోలేరు. మానాలనుకున్నవారిని జాతీయ నంబరుతో కలపడం, మానిన మొదటి రోజు, మూడో రోజు, వారానికి, నెలకు తామే ఫోన్ చేయడం వారి పని. "ఏం చాచా, ఈరోజు మూడో రోజు కదా, ఎలా ఉన్నారు?" అని తెలుగులోనో ఉర్దూలోనో తెలిసిన యాసలో అడిగితే ఆ చాచా నిజం చెబుతాడు. మళ్ళీ తాగానన్నా మందలించకూడదు. ఇంకో తేదీ పెట్టాలి. ఎవరు ఫోన్ చేశారన్నది మసీదు వాకిట్లో గానీ, ఇంట్లో గానీ పొక్కకూడదు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారిని, నికోటిన్ గమ్ వంటివి అవసరమైనవారిని డాక్టరు దగ్గరకు పంపాలి.

ఇక నిలబెట్టే సంగతి. ఇలాంటివి ప్రారంభోత్సవం నాడు బాగుంటాయి, ఏడాది తిరిగేసరికి ఫోను మోగుతున్నా ఎత్తేవారుండరు. కారణం డబ్బు వచ్చే తీరు. గది కట్టిస్తే గోడ మీద పేరు ఉంటుంది. నెలనెలా ఇచ్చే జీతానికి పలక ఉండదు. కానీ హెల్ప్‌లైను నడిచేది ఆ జీతం మీదే. అందుకే దాతలకు విన్నపం: ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా, మూడేళ్ళపాటు నెలకు ఇంత అని చిన్న మొత్తమైనా మాట ఇవ్వండి. పదిమంది కలిసి ఒక మనిషి జీతం పంచుకోవచ్చు.

ఇచ్చాక లెక్క అడగండి. ఎన్ని ఫోన్లు వచ్చాయన్న లెక్కతో సరిపెట్టుకోవద్దు. మానిన ఆరు నెలల తరువాత కూడా పొగాకు ముట్టనివారు ఎందరో చెప్పమనండి. ఆ సంఖ్య చిన్నదిగానే ఉండవచ్చు. వందమందిలో పదిమంది నిలిచినా, పది ఇళ్ళలో బీడీకి పోయే డబ్బు పిల్లల పుస్తకాలకు మిగులుతుంది. ఏటా ఆ సంఖ్యను, పేర్లు లేకుండా, ఈ సంచికలోనే అచ్చు వేద్దాం.