మీ కారే గుద్దిందంటూ నోటీసు వస్తే?

మీ కారు గుద్దిందంటూ మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చిందా? ‘తప్పు మాది కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుందిలే’ అని బీరువాలో పెట్టేయకండి. వాయిదాకు వెళ్లకపోతే మీ మాట వినకుండానే తీర్పు రావచ్చు.

వెంటనే నోటీసు కాపీ కంపెనీకి ఇచ్చి రసీదు తీసుకోండి. వకీలుతో కౌంటర్ వేయించండి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు తెప్పించుకుని చూడండి. కారుకు దెబ్బ ఎక్కడ తగిలింది, అవతలివాళ్లు చెప్పేదానికి అది సరిపోతుందా అన్నది అక్కడే బయటపడుతుంది.

డ్రైవర్‌కు సరైన లైసెన్సు లేకపోతే కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు.

కారు ఎప్పుడో అమ్మేశారా? ఆర్‌సీ ఇంకా మీ పేరునే ఉంటే బాధ్యత మీదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘తెలిసినవాళ్లకే ఇచ్చాం భాయ్, స్టాంపు పేపర్ మీద రాసుకున్నాం’ అంటే కుదరదు.