కానరాని చుక్క నాడి

మొన్న వేసవిలో గద్వాలలో అక్కగారింట మూడు రాత్రులు డాబా మీద పడుకున్నాను. మేనకోడలు నాగర్‌కర్నూలులో బి.యస్‌సి. ముగించి, హైదరాబాదు వెళ్ళి ఖగోళశాస్త్రం చదువుతానని పట్టు పట్టింది. బావగారికి వనపర్తి సంబంధం మీద మనసు.

"కంటికి కానరాని చుక్కలు చదివి ఏం చేస్తది, బావా?" అన్నారాయన.

ఈశాన్యాన హెర్క్యులిస్ మండలం పొడుస్తున్నది. అందులో ఒక జంట ఉన్నది. ఒకటి సూర్యుడికి రెండింతల పైచిలుకు బరువున్న తార. రెండోది న్యూట్రాన్ తార; బరువులో సూర్యుణ్ణి మించినా, దాని ఒక అంచు గద్వాలలో పెడితే రెండో అంచు వనపర్తి చేరదు! పెద్దదాని నుంచి లాక్కున్న వాయువు దీని అయస్కాంత ధ్రువాల మీద పడి కాగి, ఎక్సురే కిరణాలు చిమ్ముతుంది. వాటిని మన గాలి పొర అడ్డగిస్తుంది గనుక 1970 డిసెంబరులో ఎగిరిన ఉహురు ఉపగ్రహం వచ్చేదాకా ఈ సంగతి బయటపడలేదు.

ఆ చిన్న తార 1.24 సెకన్లకొక చుట్టు తిరుగుతుంది. ధ్రువం మనవైపు వచ్చినప్పుడల్లా ఒక మెరుపు. కాంతిని గీతగా గీస్తే అచ్చం నాడి కొట్టుకున్నట్లుంటుంది. 1.7 రోజులకోసారి అది పెద్దదాని చాటుకు పోగానే ఐదారు గంటలు నాడి ఆగిపోతుంది.

"ఆగితే చచ్చినట్లేనా?" అన్నారు బావగారు.

"కాదు నాయనా, మళ్ళ వస్తది," అన్నది పిల్ల. "మన దిక్కు ఉన్నప్పుడు మెరుపులు 13 సెకన్లు ముందొస్తయి, అవతల ఉన్నప్పుడు అంత ఆలస్యం. దాన్ని బట్టే కక్ష్య కొలుస్తరు, బరువు తూస్తరు."

నాకు మరీ ముచ్చటైనది పెద్ద తార వ్యవహారం. చంద్రుడు మనకు చూపినట్లే అదీ చిన్నదానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపుతూ తిరుగుతుంది. ఎక్సురేల సెగకు కాగిన ఆ ముఖం మనవైపు తిరిగినప్పుడు కాంతి పెరుగుతుంది, అటు తిరిగితే తగ్గుతుంది. తార భ్రమణం లెక్కలో తప్పితే బరువూ తప్పుతుంది.

ఇది దొరల విద్యేమీ కాదు. జంట తారల కాంతి కొలవడానికి ఉస్మానియా వారు జపాల–రంగాపురంలో 1968లోనే 48 అంగుళాల దూరదర్శిని నెలకొల్పారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో మనవాళ్ళు చేసిన ఎక్సురే పరికరాలే ఉన్నాయి.

బావగారు చాలాసేపు పలకలేదు. నిద్రపోయారనుకున్నాను.

"హైదరాబాదుల ఆడపిల్లలకు మంచి హాస్టలు దొరుకుతదా, బావా?" అన్నారు చీకట్లోంచి.